ఇంగ్లీషు నేర్చుకోవాలని లైబ్రరీకి వచ్చినవాళ్ళకు మనం ఏం చేయగలం

కడప జిల్లాలో ఏ శాఖా గ్రంథాలయంలో కూర్చున్నా తరచూ వినిపించే మాట ఇది: "స్పోకెన్ ఇంగ్లీష్ బుక్కు ఉందా సార్?" మన లైబ్రేరియన్లలో చాలామంది కూర్చున్నచోటు నుంచే చెయ్యి చూపించి, "ఆ మూలనుండే బీరువాలో చూడు నాయనా" అంటారు. ఆ బీరువాలో అట్ట ఊడిన గ్రామర్లు, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పిస్తామనే పుస్తకాలు, ఎవరో ఇచ్చిపోయిన పాత గైడ్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. వచ్చిన మనిషి వాటిలో లావుపాటిది ఒకటి పట్టుకుపోతాడు. గడువులోపల తెచ్చిచ్చేస్తాడు. మళ్ళీ ఆ బీరువా దగ్గరికి రాడు. మన రిజిస్టర్‌లో లెక్క సరిపోతుంది, ఆయన పని మాత్రం అయ్యుండదు.

నేను గ్రేడ్-3 లైబ్రేరియన్‌గా చేరి మండలాల్లో కొన్నాళ్ళు, కడప టౌన్లో కొన్నాళ్ళు పనిచేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "మాకే ఇంగ్లీషు అంతంతమాత్రం, వాళ్ళకేం చెప్తాం మేడం?" చెప్పక్కర్లేదు. పాఠం చెప్పడానికి బడులున్నాయి, కోచింగ్ సెంటర్లున్నాయి. వచ్చిన మనిషికి ఇప్పుడు అవసరమైనది ఏదో కనుక్కోవాలి. నలుగురిలో చిన్నబుచ్చకుండా అది చేతికందించాలి. ఈ రెండు పనులూ తెలుగులోనే చెయ్యొచ్చు.

దేనికి కావాలో అడగండి

"ఏ పుస్తకం కావాలి?" అని అడిగితే లాభం లేదు. ఏ పుస్తకమో తెలిస్తే మన దాకా ఎందుకొస్తారు? "ఎంతవరకు చదువుకున్నావు?" అన్న ప్రశ్న అసలే వద్దు. పదో తరగతి తప్పినవాళ్ళు అక్కడికక్కడే వెనక్కి తిరుగుతారు. నేను అడిగేది, "ఇంగ్లీషుతో ఇప్పుడు ఏం పని పడిందన్నా?" అని. మెల్లగా, పక్క టేబుల్‌కు వినపడకుండా అడుగుతాను. దీనికి మాత్రం అందరూ జవాబు చెప్తారు. ఆ జవాబును బట్టి దారి మారిపోతుంది.

పోటీ పరీక్షల పిల్లల సంగతి చూడండి. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో నూటికి 30 మార్కులు ఇంగ్లీషువే. వాళ్ళకు పాత ప్రశ్నపత్రాలు, ఒక మంచి అభ్యాసాల పుస్తకం ఇస్తే సరిపోతుంది. రైల్వే గ్రూప్-డికి చదివే పిల్లోడు అదే పుస్తకం అడిగితే ఆపి చెప్పాలి. ఆ పరీక్షలో ఇంగ్లీషు విభాగమే లేదు, పేపరంతా తెలుగులోనే రాయొచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు ఉంది గానీ అది పాసయితే చాలు, ర్యాంకులో కలపరు. ఈ చిన్న సంగతులు కౌంటర్లో ఉన్నవాళ్ళకు తెలిస్తే ఆ పిల్లలకు నెలల కష్టం తప్పుతుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా సిలబస్ పేజీ ప్రింటు తీసి బోర్డుకు అంటించండి.

కువైట్ పోయేవాళ్ళది వేరే కథ. మన వైపు నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి పోయేవాళ్ళు ఎక్కువ. అందరూ ఇంగ్లీషే అడుగుతారు. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకు అక్కడ ఇంట్లో వినపడేది అరబ్బీ. వాళ్ళకు మన బీరువాలోని పుస్తకాలకన్నా, అక్కడ పనిచేసి వచ్చిన మనిషితో ఒక గంట కూర్చోవడం మేలు. అట్లాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళకైతే అరబ్బీ లిపి కొత్తేం కాదు, ఆ ధైర్యం వాళ్ళకు చెప్పండి. డ్రైవరుగా పోయేవాళ్ళకు ఇంగ్లీషు నిజంగానే పనికొస్తుంది, అక్కడ రోడ్డు బోర్డులు అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. వాళ్ళకు గ్రామర్ అక్కర్లేదు. అంకెలు, దిక్కులు, అడ్రసు చదవడం, ఫోన్లో "ఐ యామ్ కమింగ్ ఇన్ టెన్ మినిట్స్" లాంటి పొడి మాటలు చాలు.

నర్సింగ్ పూర్తిచేసి బయటి దేశాలకు ప్రయత్నించే అమ్మాయిలు ఐఈఎల్‌టీఎస్ అంటారు, ఓఈటీ అంటారు. ఈ రెండు ఇంగ్లీషు పరీక్షల్లోనూ వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగూ చూస్తారు. మన దగ్గరున్న పుస్తకాలు చదవడానికీ రాయడానికీ సాయపడతాయి, వినడానికి పనికిరావు. ఆ మాట ముందే చెప్పి, బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ళ లెర్న్ ఇంగ్లీష్, బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వెబ్‌సైట్ల పేర్లు చీటీ మీద రాసివ్వండి. రెండింటిలోనూ వినే పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

ఇక అమ్మలు. వీళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేశారు. స్కూలు వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజీలు. "టుమారో ఈజ్ ఎ హాలిడే", "సెండ్ ద ప్రోగ్రెస్ కార్డ్ డ్యూలీ సైన్డ్", "లాస్ట్ డేట్ ఫర్ ఫీ పేమెంట్". ఆమెకు కావాల్సింది ఆ మెసేజీ అర్థం కావడం, పిల్లోడి డైరీలో టీచరు రాసిన రెండు లైన్లు అర్థం కావడం. అట్లాంటి పుస్తకం అచ్చులో నాకెక్కడా కనపడలేదు. అందుకే మేమే తయారుచేసుకున్నాం. వచ్చిన తల్లులను అడిగి మెసేజీలు రాయించుకున్నాం, పిల్లల పేర్లు, స్కూలు పేరు తీసేసి. ఎన్ని స్కూళ్ళున్నా తిరిగి తిరిగి వచ్చేవి ఓ ముప్పై నలభై వాక్యాలే. ఒకవైపు ఇంగ్లీషు, పక్కన దాన్ని ఎట్లా పలకాలో తెలుగు అక్షరాల్లో, ఆ పక్కన అర్థం. రెండు వైపులా జెరాక్స్ తీసిన ఒక్క కాగితం. మా లైబ్రరీలో ఏ పుస్తకానికీ లేని గిరాకీ దానికుంది. ఫ్రిజ్‌కు అంటించుకున్నామని చెప్పినవాళ్ళున్నారు.

"మా పిల్లోనికి" అంటే

పెద్దవాళ్ళు తమకోసం అని చెప్పరు. "మా పిల్లోనికి రొంత ఈజీగా ఉండే ఇంగ్లీషు బుక్కు ఇయ్యండక్కా" అంటారు. యాభై ఏళ్ళ అంగడాయన కూడా మనవడి పేరు చెప్తాడు. మీరు నమ్మినట్టే ఉండండి. "ఎన్నో తరగతి?" అని అడిగారంటే ఆయన చెప్పే తరగతి నోటికొచ్చిందై ఉంటుంది, మీరిచ్చే పుస్తకం కూడా అట్లే తప్పుతుంది. దానికి బదులు మూడు పుస్తకాలు తీసి ముందు పెట్టి, "వీటిలో ఏది బాగుంటుందో మీరే చూడండన్నా" అని పక్కకు వెళ్ళిపోండి. ఆయన పేజీలు తిప్పి, తనకు సరిపడేది తానే తీసుకుంటాడు. ఎవరికన్న ప్రశ్నే రాదు.

స్థాయి తెలుసుకోవడానికి పరీక్ష పెట్టాల్సిన పని కూడా లేదు. ఒక పేజీ చదివి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ మడిస్తే దానికన్నా తేలికది తీసుకోవాలి. ఇది కొత్తదేమీ కాదు, బళ్ళలో పిల్లలకు చెప్పేదే. అయితే దాన్ని మన ఎదురుగా చేయించొద్దు, ఇంట్లో చేసుకోమనండి.

అక్షరాలే రానివాళ్ళు వస్తే గుర్తుపట్టడం కష్టమేం కాదు. పుస్తకం తెరిచి బొమ్మలు మాత్రమే చూస్తారు. వీళ్ళను ఏ ఫర్ యాపిల్ పుస్తకంతో కూర్చోబెట్టేకన్నా, రోజూ చూసే పెద్దక్షరాలతో మొదలుపెట్టించండి. మందుల చీటీ, కరెంటు బిల్లు, ఏటీఎం తెర, బస్టాండులో బోర్డులు. తమ పేరు, ఊరి పేరు ఇంగ్లీషులో రాయడం వస్తే సగం టెన్షన్ పోతుంది.

ఏ పుస్తకాలు, ఎక్కడ

డ్యూయీ పద్ధతిలో, అంటే విషయాన్ని బట్టి నంబర్లిచ్చి, సర్దుకున్న చోట ఇంగ్లీషు భాష పుస్తకాలు 420ల్లో ఉంటాయి, నిఘంటువులు 423, వాడుక భాషవి 428. కానీ నేర్చుకునేవాళ్ళకు ఎక్కువ పనికొచ్చే బొమ్మల కథలు పిల్లల విభాగంలో ఉంటాయి. పెద్దవాళ్ళు ఆ గదిలోకి అడుగుపెట్టరు. కాబట్టి నంబర్లను పక్కనబెట్టి, అన్నిట్లోంచీ ఏరి ఒకే అరలో పెట్టండి. అర మీద "ఇంగ్లీషు" అన్న ఒక్క మాట రాస్తే చాలు. "ప్రాథమిక స్థాయి", "నూతన అక్షరాస్యులకు" లాంటి బోర్డులు పెట్టారంటే దాని ముందు ఎవరూ నిలబడరు. తేలిక, మధ్యరకం, కష్టం అని చెప్పడానికి రంగు స్టిక్కర్లు వాడండి, ఏ రంగు దేనికో అర లోపలివైపు రాయండి. అర మన కౌంటర్‌కు ఎదురుగా ఉండకపోతే మంచిది. ఎవరూ తనను చూడట్లేదనుకున్నప్పుడే మనిషి నిమ్మళంగా వెతుక్కుంటాడు.

కడపలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సి.పి. బ్రౌన్ మన ఊరివాడైపోయాడు కదా, డిక్షనరీ అనగానే బ్రౌన్ నిఘంటువు అడుగుతారు. 1852లో అచ్చయిన ఆ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు గొప్పదే, తెలుగు చదివేవాళ్ళకు ఈనాటికీ కావాలి. ఇంగ్లీషు మొదలుపెట్టినవాడికి మాత్రం అది మోయలేని బరువు. మాట తెలుగులో వెతకాలి, అర్థం నూట డెబ్బై ఏళ్ళనాటి ఇంగ్లీషులో దొరుకుతుంది. అడిగినవాళ్ళను ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళి చూసిరమ్మనండి, చేతికి మాత్రం చిన్న ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఇవ్వండి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్ళు నిండలేదు. తెలుగును పండితుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. "ఈ వయసులో నాకేమొస్తుందిలే" అనేవాళ్ళకు చెప్పడానికి పనికొస్తుందని ఈ మాట రాస్తున్నాను. అయితే యాభై ఏళ్ళాయనకు చెప్తే "ఆయనకు ఇరవయ్యేగా" అంటాడు, మనిషిని చూసి చెప్పండి.

నా లెక్కలో ఇప్పుడు దొరికే వాటిలో అన్నిటికన్నా పనికొచ్చేవి ప్రభుత్వ బడి పాఠ్యపుస్తకాలు. 2020-21 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలను ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా అచ్చువేయడం మొదలుపెట్టారు. నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం తీసుకోండి. చెరువు, పంట, పోస్టాఫీసు, కుటుంబం, అన్నీ మనకు తెలిసిన విషయాలే. ఇంగ్లీషు పేజీలో ఆగిపోతే చూపు పక్కకు తిప్పితే చాలు, డిక్షనరీ తియ్యనక్కర్లేదు. వాటి మీదుండే క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌లో స్కాన్ చేస్తే పాఠాల వీడియోలు కూడా వస్తాయి. ఇవి కొనాల్సిన పని లేదు. ఏప్రిల్‌లో పరీక్షలైపోగానే పాత పేపర్ల అంగళ్ళకు కిలోల లెక్కన పోతాయి. దానికి ముందే పక్కనుండే బడి హెడ్మాస్టరుతో ఒక మాట చెప్పి, చినగనివి ఏరుకోండి. అట్ట మీద తరగతి అంకె కనపడకుండా బ్రౌన్ కాగితం వేస్తే పెద్దవాళ్ళు మొహమాటం లేకుండా ఇంటికి తీసుకుపోతారు.

ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ కూడా చూసి పెట్టుకోండి. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతుంది, చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి. ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవడానికి అనుమతి ఉంది. రెండు భాషల ప్రింట్లూ కలిపి స్టేపుల్ చేస్తే మీకొక పుస్తకం తయారు.

పేపర్ టేబుల్ దగ్గర

రీడింగ్ రూంలో పొద్దున్నే తెలుగు పేపర్ల కోసం పోటీ ఉంటుంది. ఇంగ్లీషు పేపరు మడత నలగకుండా పడుంటుంది. "రోజూ హిందూ చదువు, ఇంగ్లీషు వచ్చేస్తుంది" అని ప్రతివాడూ సలహా ఇస్తాడు. సంపాదకీయంతో కుస్తీపట్టి మూడోరోజుకు మానేసినవాళ్ళనే నేనెక్కువ చూశాను. దానికొక పద్ధతి ఉంది.

ముందు తెలుగు పేపర్లో ఒక చిన్న వార్త చదవమనండి. నిన్న జరిగిందై ఉండాలి, అంకెలు, ఊళ్ళ పేర్లు ఉండాలి. ఉదాహరణకు పెన్నాకు వరదొచ్చి మైలవరం గేట్లు ఎత్తారనుకోండి. ఆ వార్త తెలుగులో చదివాక ఇంగ్లీషు పేపర్లో అదే వార్త ఎక్కడుందో వెతకమనండి. "మైలవరం", "గండికోట" అన్న పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో పట్టుకుంటారు. క్యూసెక్కులు అన్న మాట మనకు ముందే తెలుసు. ఏ గేట్లు, ఎంత నీళ్ళు, ఎవరిని జాగ్రత్తగా ఉండమన్నారు, ఇదంతా అప్పటికే తలలో ఉంది కాబట్టి తెలియని మాటలకు అర్థం దానంతట అదే తడుతుంది. క్రికెట్ స్కోరు ఇంకా తేలిక. కొన్నిరోజులు ఇట్లా రోజుకు ఒక్క వార్త చేస్తే చాలు. రాజకీయాల పేజీ ఆఖరికి వదిలేయమనండి, అందులో వాక్యాలు పొడుగు, ఎత్తిపొడుపులు ఎక్కువ.

మన వంతుగా చేయాల్సింది, ఆ రోజు రెండు పేపర్లలోనూ ఉన్న ఒక వార్తను గుర్తుపట్టి రెంటి మీదా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టడం. పేపర్లు స్టాండుకు తగిలించేటప్పుడే అయిపోతుంది.

మాట్లాడేటప్పుడు

కొందరు ధైర్యం చేసి మనతో ఇంగ్లీషులోనే మొదలుపెడతారు. "మేడం, ఐ వాంట్ బుక్, వన్ వీక్ బ్యాక్ ఐ టేకెన్." తప్పు దిద్దకండి. నవ్వకండి, పక్కనున్న అటెండరును కూడా నవ్వనివ్వకండి. "మాకు తెలుగొచ్చులే" అనడం మాత్రం అన్నిటికన్నా పెద్ద దెబ్బ, ఆ మనిషి రిహార్సల్ చేసుకుని వచ్చుంటాడు. మీకు వస్తే "యస్, విచ్ బుక్?" అని పొట్టిగా అనండి. రాకపోతే తెలుగులోనే జవాబివ్వండి, కానీ ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగండి.

మనకోసం కూడా ఇంగ్లీషు వాక్యాలతో ఒక కార్డు రాసిపెట్టుకుంటే మంచిది. కౌంటర్లో రోజూ పడే వాక్యాలు పదికి మించవు: పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలి, ఫారం ఎక్కడ నింపాలి, ఆధార్ జెరాక్స్ కావాలి, రేపు సెలవు. ఇవే వాక్యాలను కార్డుగా గోడకు తగిలిస్తే చదివేవాళ్ళు చదువుకుంటారు. అర్థం కాలేదన్నప్పుడు గొంతు పెంచొద్దు, నిదానించండి. తేదీలు, అంకెలు నోటితో చెప్పేకన్నా చీటీ మీద రాసివ్వండి.

ఫోన్ల విషయం క్లుప్తంగా: గూగుల్ లెన్స్‌తో ఇంగ్లీషు కాగితం ఫోటో తీస్తే తెలుగు వస్తుందని, ట్రాన్స్‌లేట్‌లో స్పీకర్ గుర్తు నొక్కితే పలికి వినిపిస్తుందని చూపించండి. వాళ్ళ ఫోను వాళ్ళ చేతిలోనే ఉండాలి, మనం తీసుకుని నొక్కకూడదు. బ్యాంకు మెసేజీలు, ఓటీపీలు ఉన్న తెరను ఫోటో తీయొద్దని గట్టిగా చెప్పండి. ఇయర్‌ఫోన్స్ లేనివాళ్ళను వరండాలోకి పంపండి.

మాట్లాడుకునే గంట

చదవడం ఎంత వచ్చినా నోరు పెగలదు. వారానికి ఒక సాయంత్రం గంటసేపు మాట్లాడుకోవడానికి చోటివ్వండి. రీడింగ్ రూంలో కుదరదు, పరీక్షల పిల్లలు ఊరుకోరు. వరండాలో నాలుగు కుర్చీలు వేస్తే చాలు. నడిపించడానికి రిటైరైన టీచరు దొరికితే బాగుంటుందని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో డిగ్రీ చదివే పిల్లలే నయం. టీచర్లు ఎంత వద్దన్నా పావుగంటకు టెన్సులు మొదలుపెడతారు, అంతటితో అందరూ నోట్సు రాసుకోవడంలో పడతారు.

విషయం చిన్నదై ఉండాలి: ఈరోజు మార్కెట్లో టమోటా రేటు, బస్సు ఎందుకు లేటయింది, ఉగ్గాని ఎట్లా చేస్తారు. మధ్యలో తెలుగు మాట దొర్లితే దొర్లనివ్వాలి. ఎవరి తప్పునూ ఎవరూ దిద్దకూడదు, అడిగితేనే చెప్పాలి. ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టొద్దు, పై అధికారులకు పంపాలనుకున్నా ముందు వాళ్ళను అడగండి. ఆడవాళ్ళు మగవాళ్ళ మధ్య మాట్లాడలేమంటే వాళ్ళకు వేరే పూట పెట్టండి. పిల్లలు బడి వదిలి వచ్చేలోపు, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వాళ్ళకు వీలు. మన పనివేళలకు అది కుదరకపోతే పైవాళ్ళతో మాట్లాడి తాళం ఎవరి దగ్గరుండాలో ముందే తేల్చుకోండి.

అడిగి దొరకని పుస్తకాలకు ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఏం అడిగారు, దేనికోసం, ఈ మూడే రాయండి, పేరు వద్దు. కొనుగోలు జాబితా అడిగినప్పుడు అదే మన ఆధారం. జనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా వసూలై గ్రంథాలయాలకు రావాలి, ఆ డబ్బుతో వాళ్ళడిగింది తెప్పించమనడానికి మొహమాటం అక్కర్లేదు. జాబితా రాసేటప్పుడు లావుపాటి పుస్తకం ఒక కాపీ బదులు పల్చటివి నాలుగు అడగండి. డిక్షనరీ ఒకటి రెఫరెన్సుకు, ఇంకోటి ఇంటికిచ్చేందుకు అని విడిగా రాయండి. లేకపోతే రెండూ రెఫరెన్సు స్టాంపుతో బీరువాలోకి చేరతాయి.